గేట్‌వే దాటితే ఒత్తులు ఎగిరిపోతున్నాయి (బీబీఎస్ నుంచి ఇంటర్నెట్ మెయిల్, విజయవాడ–గుంటూరు నోడ్లు)

పటమట_నోడ్ · శుక్రవారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మన హాబీ నెట్‌వర్క్‌కి (నోడ్లు, అంటే మన సొంత కంప్యూటర్లు, ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునేది), ఇంటర్నెట్ మెయిల్‌కి మధ్య రెండు నెలల నుంచి గేట్‌వే, అంటే ఉత్తరాలని అటూ ఇటూ దాటించే ఏర్పాటు, నడుపుతున్నాను. బీబీఎస్ (యూజర్లు చేరి ఉత్తరాలు రాసుకునే చోటు) ఇంట్లోనే రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ మీద ఉంది. ఇంటి కనెక్షన్‌లో మెయిల్ వెళ్లే పోర్ట్ 25 బ్లాక్ చేసి ఉంచారు కాబట్టి మెయిల్ సర్వర్ మాత్రం నెల అద్దెకి తీసుకున్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్) మీద పెట్టాను. అక్కడ పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రాము ఉత్తరం అందుకుని నేను రాసుకున్న పైథాన్ స్క్రిప్ట్‌కి ఇస్తుంది, స్క్రిప్ట్ దాన్ని నెట్‌మెయిల్ (మన నెట్‌వర్క్ ఉత్తరం) ప్యాకెట్‌గా మారుస్తుంది, బింక్‌డీ అనే ప్రోగ్రాము దాన్ని పట్టుకెళ్లి ఆయా నోడ్లకి ఇస్తుంది.

ఇంగ్లిష్ ఉత్తరాలకి ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో రాసినవి మాత్రం నాశనం అవుతున్నాయి. అవతలి మనిషి "చెల్లి" అని రాస్తే ఇవతల "చెల�లి" అని వస్తోంది, "కృష్ణా" కాస్తా "కృష�ణా" అవుతోంది. లైన్లు కూడా ఎక్కడ పడితే అక్కడ విరుగుతున్నాయి, అది వర్డ్ ర్యాప్ గొడవ అనుకుని వదిలేశాను. ఉత్తరం సబ్జెక్ట్ కూడా సగంలో తెగిపోతోంది.

వారం రోజులుగా రాత్రి పన్నెండు దాకా దీని మీదే కూర్చుంటున్నాను. నా నోడ్ మీద పదకొండు మంది ఉన్నారు, వాళ్లలో ఆరుగురు తెలుగులోనే రాస్తారు. వాళ్ల ఉత్తరాలు ఇలా పాడవుతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. ఎవరికైనా ఇది ఎదురైందా?

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · శుక్రవారం రాత్రి 10:52

నేను ఆఫీసులో రోజంతా మెయిల్ సర్వర్లతోనే ఉంటాను కాబట్టి అటు వైపు నుంచి చెప్తాను. వచ్చిన ఉత్తరం హెడర్లో కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ (బైట్లని ఏ రూపంలో పంపారో చెప్పే లైను) ఏముందో చూడు. 8బిట్ అని ఉండి మధ్యలో ఏ సర్వరైనా ఎనిమిదో బిట్ పీకేస్తే అక్షరాలు పోతాయి. బేస్64 (బైట్లని మామూలు ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చే పద్ధతి) అయితే నీ స్క్రిప్ట్ దాన్ని సరిగ్గా విప్పుతోందో లేదో చూడాలి. ఒక ఉత్తరాన్ని పోస్ట్‌ఫిక్స్ స్క్రిప్ట్‌కి ఇవ్వకముందే ఫైల్లో దాచి హెక్స్‌లో (ఒక్కో బైటూ అంకెల్లో కనపడేలా) చూడు, సమస్య అటుందో ఇటుందో తేలిపోతుంది.

పటమట_నోడ్ · శుక్రవారం రాత్రి 11:30

చూశాను అన్నా. పోస్ట్‌ఫిక్స్ దగ్గర ఉత్తరం శుభ్రంగా ఉంది, ఒక్క అక్షరం కూడా పోలేదు. అంటే పాడయ్యేది ఆ తర్వాతే.

ఇంకో పరీక్ష కూడా చేశాను. గేట్‌వేతో పని లేకుండా నా బీబీఎస్‌లోనే "కృష్ణా కాలువ గట్టు మీద" అని ఒక నెట్‌మెయిల్ రాసి సింగ్‌నగర్ నోడ్‌కి నేరుగా పంపితే చక్కగా వెళ్లింది. అదే ఉత్తరం గుంటూరు హబ్ (మిగతా నోడ్లకి ఉత్తరాలు పంచే నోడ్) మీదుగా పంపితే పాడైంది.

పద్మజ_లబ్బీపేట · శనివారం ఉదయం 6:40

నాకు కంప్యూటర్ లోపలి సంగతులు తెలియవు, నేను పటమట నోడ్‌లో ఒక యూజర్‌ని మాత్రమే. స్కూల్లో తెలుగు చెప్తాను. నెల రోజులుగా పాడైన ఉత్తరాలు చూసీ చూసీ ఒకటి గమనించాను, పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

విజయవాడ, గుంటూరు, మామిడికాయ, పులిహోర, గోదావరి, మేనమామ, ఇలాంటివన్నీ బాగానే వస్తున్నాయి. చెల్లి, కృష్ణా, ఎప్పుడు, నీళ్లు, పెళ్లి, బస్సు, ఇవేవీ రావడం లేదు. ఒత్తు ఉన్న చోటల్లా పోతోంది, ఒత్తు లేని మాట ఎంత పొడుగైనా చెక్కు చెదరడం లేదు. "బస్" అని పొల్లుతో ఆపినా పోతోంది. అమ్మ, అక్క, అత్తయ్య అయితే మరీ ఘోరం, రెండు లైన్లుగా విరిగి వస్తున్నాయి.

మా తమ్ముడు సింగపూర్ నుంచి రాసిన ఉత్తరంలో "అమ్మకి ఒంట్లో ఎలా ఉంది" అన్న ఒక్క లైను అర్థం చేసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

అరండల్‌పేట_సిసాప్ · శనివారం ఉదయం 9:05

పద్మజ గారూ, మీరు సగం పని చేసి పెట్టారు. పొల్లు దగ్గర పోతోందని మీరు అనగానే నాకు వెలిగింది. కాస్త పొడుగ్గా రాస్తాను, చదవండి.

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మనం "ల్ల" అని చూసేది కంప్యూటర్‌కి ల, పొల్లు, ల, ఈ మూడూ వరసగా. అంటే ఒత్తు అనేది విడిగా ఉండదు, ప్రతి ఒత్తు వెనకా ఒక పొల్లు దాక్కుని ఉంటుంది. ఆ పొల్లుకి యూనికోడ్‌లో 0సీ4డీ నంబరు, దాన్ని బైట్లలోకి మారిస్తే ఈ0, బీ1, 8డీ అవుతుంది. ఆ చివరి 8డీ దగ్గరే ఉంది మన ప్రాణం.

ఫిడోనెట్ (ఇలాంటి బీబీఎస్‌ల పాత నెట్‌వర్క్) ఉత్తరం ఎలా ఉండాలో చెప్పే మూల పత్రం ఎఫ్‌టీఎస్-0001. మన నెట్‌వర్క్ కూడా అదే పద్ధతిలో నడుస్తోంది. అందులో పేరా చివర మామూలు క్యారేజ్ రిటర్న్ (లైను ముగిసిందనే గుర్తు), అంటే 0డీ ఉంటుంది. 8డీని మాత్రం "సాఫ్ట్" క్యారేజ్ రిటర్న్ అంటారు. వెనకటి ఎడిటర్లు లైను నిండినప్పుడు తమంతట తాము పెట్టుకున్న గుర్తు అది, వర్డ్‌స్టార్ వాడినవాళ్లకి గుర్తుంటుంది. దాన్ని పట్టించుకోకండి అని ఆ పత్రంలోనే రాసి ఉంది. పట్టించుకోకపోవడం అంటే కొన్ని ప్రోగ్రాములు చూడనట్టు వదిలేస్తాయి, కొన్ని ఏకంగా తీసి పారేస్తాయి. తీసేసినప్పుడు మీ పొల్లులో ఈ0, బీ1 మిగులుతాయి, మూడోది ఉండదు, కాబట్టి అక్కడ ఆ ప్రశ్న గుర్తు పడుతుంది.

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు. దేవనాగరి హలంతు 094డీ, బెంగాలీ 09సీడీ, తమిళం 0బీసీడీ, కన్నడం 0సీసీడీ, మలయాళం 0డీ4డీ. యూటీఎఫ్-8లోకి మార్చితే వీటన్నిటికీ చివరి బైటు 8డీయే. మన లిపులన్నిటినీ ఒకే వరసలో అమర్చారు కాబట్టి అన్నీ ఒకే గోతిలో పడ్డాయి. మనకంటే ముందు రష్యా వాళ్లు పడ్డారు. వాళ్ల కోడ్ పేజీ (ఏ బైటుకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) 866లో 8డీ అంటే వాళ్ల పెద్ద "ఎన్" అక్షరం, చూడటానికి ఇంగ్లిష్ హెచ్‌లా ఉంటుంది. అది మాయమవుతోందని దాని బదులు నిజంగానే ఇంగ్లిష్ హెచ్ కొట్టేవాళ్లు. మనకి పొల్లు బదులు కొట్టడానికి అలాంటిదేమీ లేదు.

ఇక గుంటూరు హబ్ నాదే. ఇప్పుడే లేచి చూశాను. డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములు నడిపేది) నడిచే నా పాత టాసర్ (ప్యాకెట్లు విప్పి ఉత్తరాలు సర్దే ప్రోగ్రాము) సెటప్‌లో "సాఫ్ట్ సీఆర్ తీసెయ్యి" అన్న ఆప్షన్ ఆన్‌లో ఉంది. ఎప్పుడో తొంభైలలో నేనే పెట్టాను. అప్పట్లో కొందరి ఉత్తరాల్లో ప్రతి లైను చివరా ఇంగ్లిష్ ఐ అక్షరం మీద వాలు గీత ఉన్న ఒక గుర్తు వచ్చేది, కోడ్ పేజీ 437లో 8డీ అలా కనిపిస్తుంది. అది చదవడానికి చిరాగ్గా ఉందని తీసేయమన్నాను. ఆ సెటప్ ఫైలే కాపీ అవుతూ ఇన్నాళ్లు వచ్చింది. మీ తమ్ముడి ఉత్తరం పాడైంది నా దగ్గరే పద్మజ గారూ, క్షమించండి.

ఆప్షన్ ఆఫ్ చేశాను. పటమట తమ్ముడూ, ఒకసారి మళ్లీ పంపి చూడు.

పటమట_నోడ్ · శనివారం ఉదయం 9:48

మాస్టారూ, పంపాను. "కృష్ణా కాలువ గట్టు మీద" మీ హబ్ దాటి చెక్కు చెదరకుండా వచ్చింది!! హెక్స్‌లో కూడా చూశాను, ఈ0 బీ1 8డీ మూడూ ఉన్నాయి. వారం రోజుల టెన్షన్ దిగిపోయింది.

సింగ్‌నగర్_నోడ్ · శనివారం ఉదయం 10:20

మా దగ్గర కూడా ఇప్పుడు తెలుగు బాగా వస్తోంది. నేను ఇన్నాళ్లూ ఫాంట్ లేదనుకుని మూడు ఫాంట్లు మార్చాను.

పద్మజ_లబ్బీపేట · శనివారం మధ్యాహ్నం 1:15

చాలా సంతోషం మాస్టారు గారూ, క్షమించమనడం ఎందుకు, మీరు చెప్పకపోతే ఇది ఎప్పటికి తేలేది. కానీ ఇంకా ఒకటి మిగిలింది. తమ్ముడి చేత మళ్లీ రాయించాను. చెల్లి వచ్చింది, నీళ్లు వచ్చింది, పెళ్లి వచ్చింది. అమ్మ మాత్రం రాలేదు. అక్క కూడా రాలేదు. చూడండి:

�
మ్మకి మందులు ఇస్తున్నారా

ఈసారి ఒత్తు బాగానే ఉంది, మొదటి అక్షరమే లేదు. అరిటాకు అన్న మాటలో ఒత్తు లేదు కదా, అది కూడా ఇలాగే విరిగింది. ఆ, ఇ, ఈ బాగున్నాయి. ఒక్క "అ" తోనే తంటా.

అరండల్‌పేట_సిసాప్ · శనివారం మధ్యాహ్నం 1:40

ఇది నా దగ్గర కాదు. అ అంటే ఈ0 బీ0 85. ఎఫ్‌టీఎస్‌లో 85కి ప్రత్యేకత ఏమీ లేదు. నా నోడ్ నుంచి రాసి పంపిన ఉత్తరంలో అ బాగానే వెళ్తోంది.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · శనివారం మధ్యాహ్నం 2:05

గేట్‌వే మీదుగా వచ్చినవాటికే అలా అవుతోందంటే స్క్రిప్టే. తమ్ముడూ, అందులో ఉత్తరాన్ని లైన్లుగా విడగొట్టే చోట ఏం రాశావో ఇక్కడ పెట్టు.

పటమట_నోడ్ · శనివారం మధ్యాహ్నం 2:20

బైట్లని లాటిన్-1గా, అంటే బైటుకి ఒక అక్షరం లెక్కన, డీకోడ్ చేస్తాను (ఏ బైటు వచ్చినా ఎర్రర్ రాదని), తర్వాత స్ప్లిట్‌లైన్స్ పిలిచి, ఒక్కో లైను చివర 0డీ తగిలించి మళ్లీ లాటిన్-1లోనే ప్యాకెట్‌లో రాస్తాను.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · శనివారం మధ్యాహ్నం 2:31

దొరికింది. లాటిన్-1లో 85 అంటే "నెక్స్ట్ లైన్" అనే కంట్రోల్ క్యారెక్టర్. పైథాన్‌లో స్ట్రింగ్ మీద స్ప్లిట్‌లైన్స్ పిలిస్తే అది దాన్ని కూడా లైను చివర కిందే లెక్కేస్తుంది. అందుకే నీ స్క్రిప్ట్ "అ"ని మధ్యకి కోసి, మూడో బైటుని మింగేసి, కొత్త లైను మొదలుపెడుతోంది. నువ్వు మొదటి పోస్టులో వర్డ్ ర్యాప్ అని వదిలేసింది ఇదే. పొద్దున నువ్వు పంపిన పరీక్ష ఉత్తరంలో ఒక్క "అ" కూడా లేదు, పైగా అది స్క్రిప్ట్ దాటి రాలేదు, అందుకే పట్టుబడలేదు.

డీకోడే చేయకు, బైట్లని బైట్లుగానే ఉంచి 0ఏ (కొత్త లైను గుర్తు) దగ్గర మాత్రమే విడగొట్టు. విడగొట్టిన లైను చివర 0డీ ఉంటే తీసెయ్యి. బైట్ల మీద పిలిస్తే స్ప్లిట్‌లైన్స్ కూడా 85ని ముట్టుకోదు. కానీ నా సలహా, ఏ బైటు దగ్గర విరగాలో నువ్వే స్పష్టంగా చెప్పు.

పటమట_నోడ్ · శనివారం సాయంత్రం 4:10

మార్చాను. అమ్మ వచ్చింది. అక్క, అత్తయ్య, అరిటాకు, అన్నీ వచ్చాయి. పద్మజ గారూ, మీరు లేకపోతే ఈ రెండోది నేను ఇంకో నెలకి కూడా పట్టుకునేవాణ్ని కాదు.

ఇప్పుడు సబ్జెక్ట్ తెగిపోవడం సంగతి. అది కూడా ఇలాంటిదేనా?

అరండల్‌పేట_సిసాప్ · శనివారం సాయంత్రం 5:30

అది వేరు. ప్యాకెట్‌లో పేర్లకి, సబ్జెక్ట్‌కి జాగా కొలిచి ఇచ్చారు. పంపినవాడి పేరుకి 36 బైట్లు, అందుకునేవాడి పేరుకి 36, సబ్జెక్ట్‌కి 72. ముగింపు గుర్తుగా పెట్టే సున్నా బైటు కూడా అందులోనే కాబట్టి వాడుకోవడానికి మిగిలేది 35, 71. ఇంగ్లిష్‌లో 71 అక్షరాలు ఎవరికైనా చాలు. తెలుగులో అక్షరానికి మూడు కాబట్టి సబ్జెక్ట్‌కి 23 పడతాయి, పేరుకి 11. గుణింతం గుర్తూ, పొల్లూ, సున్నా, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "వెంకటేశ్వరరావు" రాసి చూడు, పద్నాలుగు అవుతాయి, అంటే 42 బైట్లు. 35 దగ్గర కోస్తే "వెంకటేశ్వరర" దాకా వచ్చి, దీర్ఘంలో రెండు బైట్లు వేలాడి, ఒక ప్రశ్న గుర్తుతో ఆగిపోతుంది. మన జిల్లాల్లో ఆ పేరు ఎంతమందికి ఉందో నీకు తెలుసు.

కాబట్టి గేట్‌వే కొయ్యాల్సి వస్తే బైటు లెక్కన కాకుండా అక్షరం లెక్కన కొయ్యాలి, చివర పొల్లు మిగిలితే దాన్ని కూడా తీసెయ్యాలి. పూర్తి సబ్జెక్ట్, పూర్తి పేరు ఉత్తరం మొదటి లైన్లలో పెట్టు. హెడర్లో తెగినా మనిషికి మొత్తం కనపడుతుంది.

ఇంకోటి, ఉత్తరం పైన క్లడ్జ్ లైన్లలో (ప్రోగ్రాముల కోసం పెట్టే లైన్లు) సీహెచ్ఆర్ఎస్ యూటీఎఫ్-8 4 అని పెడుతున్నావా? అది లేకపోతే అవతలి ప్రోగ్రాముకి ఇది ఏ లిపో తెలియదు, తన ఇష్టం వచ్చిన కోడ్ పేజీలో చూపిస్తుంది.

పటమట_నోడ్ · శనివారం సాయంత్రం 5:44

పెట్టడం లేదు మాస్టారూ. ఇప్పుడే కలుపుతాను.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · శనివారం రాత్రి 8:15

ఒక మాట అడుగుతాను, మాస్టారు గారు మరోలా అనుకోకండి. ఇవాళ మీ హబ్‌లో ఆప్షన్ ఆఫ్ చేశారు కాబట్టి మన తొమ్మిది నోడ్లలో పని జరిగింది. రేపు ఉత్తరం వేరే దేశం హబ్ మీదుగా వెళ్తే అక్కడ ఎవరి టాసర్ ఏం తీసేస్తుందో మనకి తెలియదు. గేట్‌వే దగ్గరే ఉత్తరాన్ని క్వోటెడ్-ప్రింటబుల్‌లోనో (ఇది కూడా బేస్64 లాంటిదే) బేస్64లోనో పెట్టేస్తే మధ్యలో ఎవరూ ఏమీ పాడు చేయలేరు కదా?

అరండల్‌పేట_సిసాప్ · శనివారం రాత్రి 9:00

మరోలా అనుకోవడానికి ఏముంది బాబూ, మంచి ప్రశ్నే. కానీ నేను ఒప్పుకోను. బేస్64లో పెడితే ఉత్తరం భద్రంగా చేరుతుంది, నిజమే, చదవడం మాత్రం ఎవరి వల్లా కాదు. మన నెట్‌వర్క్‌లో సగం రీడర్లకి మైమ్ (మెయిల్‌ని ఇలా మూట కట్టే పద్ధతి) అంటేనే తెలియదు. పెద్దావిడ ఉత్తరం తెరిస్తే స్క్రీన్ నిండా గజిబిజి అక్షరాలు ఉంటే ఆవిడ రెండోసారి తెరవదు. గేట్‌వే అంటే రెండు ఊళ్ల మధ్య పడవ లాంటిది. అటు వాళ్ల సరుకు ఇటు వాళ్లు వాడుకునేలా దింపాలి, మూట కట్టి గట్టు మీద పారేసి వెళ్లిపోకూడదు. మైమ్ విప్పడం, హెచ్‌టీఎమ్‌ఎల్ తీసి మామూలు టెక్స్ట్ చేయడం, అటాచ్‌మెంట్ ఉంటే ఉందని ఒక లైను రాయడం, ఈ శ్రమంతా గేట్‌వేదే.

దూరపు నోడ్లకైతే హబ్‌లతో పని లేకుండా నేరుగా కాల్ చేసి ఇవ్వొచ్చు, దాన్నే క్రాష్ మెయిల్ అంటాం. ఇప్పుడు అంతా బింక్‌పీ (నోడ్లు ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) మీద ఇంటర్నెట్‌లోనే కదా, పోర్ట్ 24554 తెరిచి ఉంటే చాలు. ఖర్చు లేదు. నేను నడిపిన రోజుల్లో ఎస్టీడీ రేటు పావుకి పడే దాకా, రాత్రి పదకొండు దాటే దాకా, మోడెం పక్కన కూర్చునేవాణ్ని. అందుకే హబ్‌లు పుట్టాయి, పదిమంది ఉత్తరాలు ఒకే కాల్‌లో వెళ్తాయని. 1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ మొదలుపెట్టినప్పుడు కూడా మూలం ఇదే, దూరపు కాల్ రాత్రి చవక కాబట్టి ఉత్తరాలు పోగేసి అర్ధరాత్రి పంపడం. ఆ అవసరం ఇప్పుడు లేదు. తెలుగు ఉత్తరాలు నేరుగానే పంపు.

పద్మజ_లబ్బీపేట · శనివారం రాత్రి 9:20

నాదో మాట. కిందటి నెల ఒకరు నన్ను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయమన్నారు, ఏ గొడవా ఉండదని. నేను అలా రాయను. ఈ నెట్‌వర్క్‌లో చేరిందే ఫోన్లో వచ్చే పొట్టి మెసేజీలు కాకుండా తీరిగ్గా, పూర్తి వాక్యాల్లో, తెలుగులో ఉత్తరాలు రాసుకోవచ్చని. మీరందరూ ఒక ఒత్తు కోసం ఇంత కష్టపడటం చూస్తే నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · ఆదివారం ఉదయం 8:30

సరే, బేస్64 మాట వెనక్కి తీసుకుంటున్నాను. గేట్‌వే దగ్గర విప్పి పంపుదాం.

ఇక బయటికి వెళ్లే ఉత్తరాల సంగతి. తమ్ముడూ, నువ్వు ఫ్రమ్ లైనులో ఏ అడ్రస్ పెడుతున్నావు? యూజర్ తన పాత జీమెయిల్ అడ్రస్‌నే ఫ్రమ్‌లో పెట్టమన్నా పెట్టకూడదు. నీ వీపీఎస్ నుంచి జీమెయిల్ పేరుతో ఉత్తరం వెళ్తే అది దొంగ ఉత్తరం కిందే లెక్క, డీమార్క్ (ఫ్రమ్ అడ్రస్ నిజమైనదేనా అని చూసే తనిఖీ) దగ్గర ఫెయిల్ అవుతుంది. ఎప్పుడూ నీ డొమైన్ అడ్రసే ఉండాలి. ఫిడోనెట్‌లో మొదటి నుంచీ ఉన్న పద్ధతే వాడు, పేరులో ఖాళీ బదులు చుక్క, తర్వాత ఎఫ్ పక్కన నోడ్ నంబరు, ఎన్ పక్కన నెట్ నంబరు, జెడ్ పక్కన జోన్ నంబరు, చివర డొమైన్. ఆ అడ్రస్ చూడగానే ఏ నోడ్‌కి వెళ్లాలో గేట్‌వేకి తెలిసిపోతుంది, వేరే టేబుల్ అక్కర్లేదు.

ఎస్పీఎఫ్ రికార్డు (నీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ సంతకం (ఉత్తరం నీ డొమైన్‌దేనని రుజువు), ఐపీకి వెనక్కి చూస్తే పేరు వచ్చేలా పీటీఆర్, ఈ మూడూ లేకుండా మొదలుపెట్టకు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్లకీ ఎస్పీఎఫ్ లేదా డీకిమ్ ఏదో ఒకటైనా ఉండాలి, పీటీఆర్, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపడం) కూడా కావాలి. రోజుకి ఐదు వేలు దాటితే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. మనం రోజుకి ఇరవై పంపుతామేమో, అయినా నేను మూడూ పెట్టమనే అంటాను. చిన్న గేట్‌వేకి పేరు ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

నోడ్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లవి తప్ప ఎవరి ఉత్తరమూ బయటికి పంపకు. గేట్ తెరిచి వదిలేస్తే రెండు రోజుల్లో స్పామ్ వాళ్లు పట్టేస్తారు.

పటమట_నోడ్ · ఆదివారం ఉదయం 9:10

డీకిమ్ ఉంది, పీటీఆర్ ఉంది, డీమార్క్ లేదు. ఇవాళ పెడతాను. అన్నా, అందిందని పంపినవాళ్లకి ఒక చిన్న రసీదు వెనక్కి పంపిస్తే బాగుంటుందా? యూజర్లు అడుగుతున్నారు.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · ఆదివారం ఉదయం 9:25

వద్దు, దయచేసి వద్దు. నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఇలాంటిదే ఒకటి నడిపాను, "మీ ఉత్తరం అందింది" అని ఆటోమేటిక్‌గా జవాబిచ్చేది. ఒకాయన సంక్రాంతికి ఊరెళ్తూ ఆఫీసు మెయిల్‌లో సెలవు జవాబు పెట్టుకున్నాడు. వెళ్లే ముందు మాకు ఒక ఉత్తరం పంపాడు. మా గేట్‌వే అందిందని రాసింది, ఆయన మెయిల్ సెలవులో ఉన్నానని రాసింది, గేట్‌వే మళ్లీ అందిందని రాసింది. నేను భోగి మంట దగ్గర ఉన్నాను. పొద్దున వచ్చి చూస్తే ఆ నోడ్ డిస్క్ నిండిపోయింది, మిగతావాళ్ల ఉత్తరాలు చోటు లేక ఆగిపోయాయి. పండగంతా వాటిని ఏరడంతోనే సరిపోయింది.

కాబట్టి మూడు జాగ్రత్తలు. పంపినవాడి ఎన్వలప్ అడ్రస్ ఖాళీగా ఉంటే దానికి ఎన్నడూ జవాబివ్వకు, బౌన్స్‌లు (చేరలేదని వెనక్కి వచ్చే ఉత్తరాలు) అలాగే వస్తాయి. ఆటో-సబ్మిటెడ్ హెడర్ ఉండి, అందులో "నో" అని కాకుండా వేరేది ఉంటే అది యంత్రం రాసిందే, దానికీ జవాబివ్వకు. నువ్వు పంపేవాటిలో కూడా ఆ హెడర్ పెట్టు. మెసేజ్-ఐడీని ఎమ్ఎస్‌జీఐడీ క్లడ్జ్‌తో (మన వైపు ఉత్తరం గుర్తింపు లైను) జతపరిచి నెల రోజులైనా దాచుకో, ఒకే ఉత్తరం చుట్టూ తిరిగి మళ్లీ వస్తే గుర్తుపట్టి ఆపొచ్చు.

సింగ్‌నగర్_నోడ్ · ఆదివారం మధ్యాహ్నం 12:40

మరి ఉత్తరం చేరకపోతే? అది మాత్రం పంపినవాళ్లకి తెలియాలి కదా. నేను ఎందుకు అడుగుతున్నానంటే 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు నా నోడ్ కింది గదిలో బల్ల మీద ఉంది. మేము మేడ మీదకి ఎక్కాం, దాన్ని తీయడానికి టైం లేదు. కరెంటు లేదు, ఫోన్లు పని చేయలేదు. నీళ్లు తీసి, బురద కడిగి, కొత్త బోర్డు కొని మళ్లీ నోడ్ లేపేసరికి మూడు వారాలు పట్టింది.

లేపి గుంటూరుకి పోల్ చేయగానే (ఉత్తరాలున్నాయా అని హబ్‌ని అడగగానే) 41 నెట్‌మెయిళ్లు ఒక్కసారిగా దిగాయి. మాస్టారు గారు నా వాటా ఉత్తరాలు హోల్డ్‌లో అలాగే ఉంచారు, ఒక్కటి కూడా పారేయలేదు. అందులో సగం "ఎలా ఉన్నారు, క్షేమమేనా" అని అడిగినవే. నేను అవన్నీ చదివి కూర్చుండిపోయాను. ఆ రోజు నుంచి నాకు ఈ పద్ధతి మీద ఎంత గౌరవమో.

పోస్ట్‌మాస్టర్_బ్రాడీపేట · ఆదివారం మధ్యాహ్నం 1:05

అన్నా, ఇది చదివి మనసు ఎలాగో అయింది. మీరు అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఇంటర్నెట్ మెయిల్‌లో అవతలి సర్వర్ పలకకపోతే పంపే సర్వర్ నాలుగైదు రోజులు ప్రయత్నించి, వదిలేసి, పంపినవాడికి చెప్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఐదు రోజులు ఉంటుంది. కానీ గేట్‌వే "అందుకున్నాను" అని ఒకసారి చెప్పిన మరుక్షణం అటువాళ్ల బాధ్యత తీరిపోయింది. ఆ తర్వాత మీ నోడ్ మూడు వారాలు నీళ్లలో ఉన్నా పంపినవాడికి ఏమీ తెలియదు. చేరుతుందనే అనుకుంటాడు.

నా ఉద్దేశం, ఏ నోడ్ అయినా మూడు రోజులు పోల్ చేయకపోతే ఉత్తరం పంపినవాళ్లకి ఒకే ఒక్కసారి "ఆలస్యమవుతోంది, పారేయలేదు, దాచి ఉంచాం" అని రాయాలి. అది కూడా ఎస్పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పాసైన ఉత్తరాలకే, లేకపోతే దొంగ అడ్రస్‌లకి మనమే చెత్త పంపినవాళ్లం అవుతాం.

అరండల్‌పేట_సిసాప్ · ఆదివారం మధ్యాహ్నం 1:50

దీనికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తెలుగులో రాయండి ఆ నోటీసు, కింద ఇంగ్లిష్‌లో ఒక లైను చాలు.

ఇంకో సంగతి తమ్ముడికి చెప్పాలి. నెట్‌మెయిల్ ప్యాకెట్‌లో ఉత్తరం తెరిచిన కాగితంలా ఉంటుంది. గేట్‌వే నడిపేవాడు అనుకుంటే ప్రతి ఉత్తరమూ చదవగలడు. ఈ రెండు రోజుల్లో హెక్స్‌లో వెతుకుతూ నువ్వు పద్మజ గారి తమ్ముడి ఉత్తరం చూసే ఉంటావు. తప్పదు, ఆవిడే ఇచ్చారు. కానీ ఇక నుంచి పరీక్షలకి నీ సొంత ఉత్తరాలే వాడు. లాగ్‌లో ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎన్ని బైట్లు, అంతవరకే ఉండాలి. నేను నడిపిన అన్నేళ్లలో ఒక్కరి ఉత్తరం తెరవలేదు, ఎవరూ నన్ను ఆ మాట అడగాల్సిన అవసరం కూడా రాలేదు.

పటమట_నోడ్ · ఆదివారం సాయంత్రం 6:20

అర్థమైంది మాస్టారూ. పరీక్ష కోసం దాచిన ఫైళ్లన్నీ ఇప్పుడే తుడిచేశాను. స్క్రిప్ట్‌లో డీబగ్ కోసం ఉత్తరం మొత్తం లాగ్‌లో రాసే లైను ఒకటి ఉండిపోయింది, అది కూడా తీసేశాను.

డీమార్క్ పెట్టాను. సీహెచ్ఆర్ఎస్ లైను వెళ్తోంది. సబ్జెక్ట్ అక్షరం దగ్గరే తెగుతోంది, పూర్తిది లోపల మొదటి లైనులో వస్తోంది. ఆలస్యం నోటీసు ఈ వారంలో రాస్తాను. రాసి ఇక్కడ పెడతాను, పద్మజ గారు ఒకసారి భాష చూసి పెడితే బాగుంటుంది.

అరండల్‌పేట_సిసాప్ · ఆదివారం రాత్రి 8:00

నేను పాత టాసర్ మార్చేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ ఆప్షన్ ఒక్కటే అనుకుంటే ఇంకా ఎన్ని దాక్కున్నాయో. వచ్చే శనివారం రాత్రి పదింటికి హబ్ ఆపుతాను, తెల్లవారేసరికి లేపుతాను. ఆ మధ్యలో పోల్ చేసి బిజీ వచ్చిందని కంగారు పడకండి. సింగ్‌నగర్ వారి హోల్డ్ డైరెక్టరీ ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి ఉంచుతాను.

పద్మజ_లబ్బీపేట · ఆదివారం రాత్రి 8:35

నోటీసు తప్పకుండా చూస్తాను బాబూ, పంపించు. "పారేయలేదు" బదులు "భద్రంగా ఉంచాము" అంటే బాగుంటుంది.

తమ్ముడి ఉత్తరం మూడోసారి వచ్చింది, మొత్తం చదివాను. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. ఆవిడ జవాబు చెప్తోంది, నేను రాస్తున్నాను, రేపు పొద్దున పోల్‌కి పెడతాను.